నాన్న మందులకే నెలకు ఏడు వేలు దాటుతోంది, ఎలా తగ్గించాలి?

ఖమ్మం లెక్కల మాస్టారు

అందరికీ నమస్కారం. ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. జీతం 24 వేలు. నాన్నకు 66 ఏళ్ళు, మిర్చి యార్డులో గుమాస్తాగా చేసి మానేశారు. షుగర్, బీపీ ఎప్పటినుంచో ఉన్నాయి. పోయిన సంక్రాంతి తర్వాత గుండెనొప్పి వస్తే హైదరాబాద్ తీసుకెళ్ళి స్టెంట్ వేయించాం. అది ఆరోగ్యశ్రీలో అయిపోయింది, చేతి డబ్బు పెద్దగా పడలేదు. అసలు ఖర్చు ఇంటికొచ్చాకే మొదలైంది.

బిల్లు ముందు పెట్టుకునే రాస్తున్నాను. షుగర్‌కు ఎంపాగ్లిఫ్లోజిన్ 1,750. రక్తం గడ్డ కట్టకుండా టికాగ్రెలోర్ రోజుకు రెండు, 1,900. షుగర్‌కే విల్డాగ్లిప్టిన్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ళ 780. బీపీకి టెల్మిసార్టన్, రాత్రికి రోసువాస్టాటిన్-ఆస్పిరిన్ క్యాప్సూల్, రెండూ కలిపి 560. గ్యాస్ బిళ్ళ 390. అరికాళ్ళ మంటలకు ప్రెగాబాలిన్ ఉన్నది 620. బలం బిళ్ళలు 450. షుగర్ ఉన్నవాళ్ళ ప్రోటీన్ పౌడర్ 690. మొత్తం 7,140. మూడు నెలలకోసారి రక్తపరీక్షల ఖర్చు వేరే.

ఇంకో భయం కూడా ఉంది. టికాగ్రెలోర్ రాత్రిది వేసుకోకుండా దాచడం అమ్మ చూసింది. "రెండు పూటలెందుకురా, ఒకటి చాల్లే" అంటున్నారు. ఖర్చు చూసే అలా అంటున్నారని నాకు తెలుసు. మందు మానకుండా ఖర్చు తగ్గే దారి ఉంటే చెప్పండి.

రాజు, వరంగల్

జనౌషధి అని కేంద్ర ప్రభుత్వ చవక మందుల షాపు ఉంటుంది, అక్కడికెళ్ళండి సార్. సగం రేటు కూడా ఉండదు. జనౌషధి సుగమ్ అని యాప్ ఉంది. దగ్గర్లో షాపు ఎక్కడుందో, ఏ మందు ఎంతో అందులోనే కనిపిస్తుంది.

ఖమ్మం లెక్కల మాస్టారు

వెళ్ళాను రాజు గారూ. టెల్మిసార్టన్ దొరికింది, రేటు చూసి ఆశ్చర్యపోయాను. చీటీలో మిగతావి అలాగే కలిపి దొరకవన్నారు, కొన్నింటికి స్టాక్ లేదన్నారు. విడివిడిగా కొని వాడొచ్చా అంటే డాక్టర్ని అడగమన్నారు.

తెనాలి మందులషాపు (ఇప్పుడు మూసేశాను)

తమ్ముడూ, ఆ షాపతను సరిగ్గానే చెప్పాడు. చీటీలో రాసిన మందుకు బదులు ఇంకోటి ఇచ్చే అధికారం షాపువాడికి లేదు, ఒకే మందు వేరే పేరుతో ఉన్నా సరే. డ్రగ్స్ రూల్స్‌లోనే ఆ మాట ఉంది. కాబట్టి షాపువాడితో వాదించి లాభం లేదు. మార్చాల్సింది చీటీ.

తెనాలిలో చాలా ఏళ్ళు షాపు నడిపాను, ఈ రేట్ల కథ కొంచెం చెప్తాను. మా వ్యాపారంలో మందులు మూడు రకాలు. మెడికల్ రెప్ బ్యాగు పట్టుకుని డాక్టరు చుట్టూ తిరిగేవాటిని ఎథికల్ అంటాం. రెప్ లేకుండా నేరుగా షాపుకు దింపేవి జనరిక్. వాటి మీద ఎమ్మార్పీ ఎథికల్‌కు దగ్గరగానే వేస్తారు, షాపుకు మాత్రం నాలుగో వంతుకో అయిదో వంతుకో పడతాయి. మీకు "ఇరవై శాతం డిస్కౌంట్" అని బోర్డు పెట్టి ఇచ్చేది చాలాసార్లు వాటినుంచే, మిగతాదంతా షాపుదే. మూడోది పీసీడీ సరుకు. ఒక్క ఆస్పత్రికో ఇద్దరు డాక్టర్లకో మాత్రమే వచ్చే బ్రాండ్లు. "ఆ డాక్టరు మందు ఆ మెట్ల కింద షాపులో తప్ప ఊళ్ళో ఎక్కడా దొరకదు" అంటారే, అదే ఇది. మీ బలం బిళ్ళల స్ట్రిప్పు తిప్పి చూడండి, ఎప్పుడూ వినని కంపెనీ పేరుంటే అర్థం చేసుకోండి.

ప్రభుత్వం సీలింగ్ రేటు పెట్టేది అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికే. ఆ లోపల షాపు మార్జిన్ 16 శాతం. జాబితాలో లేనిదాన్ని కంపెనీ తనకు తోచిన రేటుతో దింపొచ్చు, ఆ తర్వాత ఏడాదికి పది శాతం దాకా పెంచుకోవచ్చు. ఒకే మందుకు ఒకే వీధిలో ఆరు రేట్లు ఉండేది అందుకే.

ఇప్పుడు మీ బిల్లు చూద్దాం. ముందు ఎంపాగ్లిఫ్లోజిన్. దాని పేటెంట్ 2025 మార్చిలో అయిపోయింది. అయిపోగానే మన కంపెనీలు ఎగబడి సొంత బ్రాండ్లు దింపాయి. అరవై రూపాయల దగ్గరున్న బిళ్ళ పది రూపాయలకు అటూ ఇటూ వచ్చింది, కొన్ని అంతకన్నా తక్కువే. మీ నాన్నగారి చీటీ మీద ఇంకా పాత బ్రాండే నడుస్తోంది, బిల్లు చూస్తేనే తెలుస్తోంది. విల్డాగ్లిప్టిన్ పేటెంట్ 2019 చివర్లోనే పోయింది. అది 780 ఎందుకవుతోందో డాక్టరు గారినే అడగాలి. ఇలా పేటెంట్ పోయిన మందులకు పేరున్న పెద్ద కంపెనీలు కూడా చవక బ్రాండ్లు తెచ్చాయి, ఊరూపేరూ లేనివి వాడక్కర్లేదు.

టికాగ్రెలోర్ సంగతి వేరు. స్టెంట్ వేసి ఏడాది నిండేలోపు ఆ మందు ఒక్క పూట కూడా తప్పకూడదు. స్టెంట్‌లో రక్తం గడ్డ కడితే మళ్ళీ ఆస్పత్రే, ఈసారి ఇంటికొస్తారన్న నమ్మకం ఉండదు. నాన్నగారికి ఈ మాట భయపడేలాగే చెప్పండి. కంపెనీ మార్చుకోవచ్చు, మందు మానకూడదు. ఏడాది నిండాక కొనసాగించాలా, ఆపాలా, వేరేది వాడాలా అని కార్డియాలజిస్టునే అడగండి. చాలామంది అడగరు. పాత చీటీ పట్టుకుని మూడేళ్ళు, నాలుగేళ్ళు అలాగే కొంటూ ఉంటారు. అలాంటి చీటీలు మా షాపుకు ఎన్నొచ్చేవో.

గ్యాస్ బిళ్ళ కూడా మీ అంతట మీరు తీసేయొద్దు. ఆస్పిరిన్, టికాగ్రెలోర్ రెండూ వాడేవాళ్ళకు కడుపులో రక్తస్రావం కాకుండా అది ఇస్తారు. ఉత్త పాంటోప్రజోల్ సరిపోతుందా, డొంపెరిడోన్ కలిసిందే కావాలా అని అడగండి. ఉత్తది బాగా చవక. కాళ్ళ మంటల బిళ్ళ ఉన్నట్టుండి ఆపొద్దు. బలం బిళ్ళలు, ప్రోటీన్ పౌడర్ మాత్రం మొదట అడగాల్సినవి. ఆ రెండింటికే 1,140 పోతోంది. ఆ డబ్బుతో ఇంట్లో రోజూ గుడ్డు, పప్పు, పెరుగు వస్తాయి. కిడ్నీ రిపోర్టు బట్టి ఎంత ప్రోటీన్ తినొచ్చో డాక్టరు చెప్తారు.

అడిగే తీరు కూడా ముఖ్యం. "చవకవి రాయండి" అంటే కొందరు చిన్నబుచ్చుకుంటారు. బిల్లు ఎదురుగా పెట్టి, "సార్, నెలకు ఇంతవుతోంది, నాన్న పూటలు ఎగ్గొడుతున్నారు" అనండి. పూటలు ఎగ్గొడుతున్నారన్న మాట వింటే ఏ డాక్టరైనా పెన్ను తీస్తాడు. బ్రాండు కాకుండా మందు పేరే పెద్ద అక్షరాలతో రాయమనండి. అప్పుడు జనౌషధిలోనైనా, మామూలు షాపులోనైనా మీకు నచ్చింది కొనుక్కోవచ్చు.

శ్రీను_నల్గొండ

తక్కువ రేటు మందులంటే నాకైతే నమ్మకం లేదు. మా చిన్నాన్నకు థైరాయిడ్ బిళ్ళ మార్చాక మళ్ళీ నీరసం మొదలైంది. గుండె విషయంలో ఇలాంటి ప్రయోగాలేంటి?

తెనాలి మందులషాపు (ఇప్పుడు మూసేశాను)

శ్రీను గారూ, మీరు చెప్పిన ఉదాహరణ సరైనదే. థైరాయిడ్ బిళ్ళ, ఫిట్స్ మందులు, రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళ మందులు, వీటిలో డోసు కాస్త అటూఇటూ అయినా తేడా తెలుస్తుంది. వాటికి ఒకే కంపెనీ పట్టుకుని ఉండటం మంచిది. థైరాయిడ్‌లో కంపెనీ మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించి చూపించాలి. మీ చిన్నాన్నగారికి చూపించారా?

బీపీ, షుగర్ బిళ్ళలు అలా కాదు. ఇంట్లో బీపీ మిషను, షుగర్ మిషను ఉంటాయి కదా, మార్చిన రెండు వారాలు రాసిపెట్టుకుంటే పనిచేస్తోందో లేదో అంకెలే చెప్తాయి. జనౌషధికి వచ్చే ప్రతి బ్యాచ్‌నూ గుర్తింపు ఉన్న ల్యాబులో పరీక్షించాకే షాపులకు పంపుతారు. నాసిరకం మందు దేశంలో లేదని నేననను, ఉంది. ఖరీదైన బ్రాండ్లలోనూ దొరికింది. రేటు చూసి నాణ్యత తేల్చలేం.

విజయ, సత్తుపల్లి (స్టాఫ్ నర్సు)

మాస్టారూ, మూడు మాటలు చెప్పి వెళ్తాను, డ్యూటీలో ఉన్నాను.

స్టెంట్ ఆరోగ్యశ్రీలో వేశారన్నారు, ఇంకా ఏడాది కాలేదు. కొన్ని ఆపరేషన్లకు తర్వాత ఫాలోఅప్ ప్యాకేజీ ఉంటుంది. చెకప్, పరీక్షలు, మందులు అందులోనే వస్తాయి. డిశ్చార్జి అయ్యాక జనం ఆ ఊసే మర్చిపోతారు. ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర (ఆరోగ్యశ్రీ రోగులకు సాయం చేసేవాళ్ళు) డెస్కుకు ఫోన్ చేసి మీ కేసుకు ఉందేమో కనుక్కోండి. వాళ్ళు తేల్చకపోతే 104కి చేయండి.

మీ పీహెచ్‌సీలోనో బస్తీ దవాఖానాలోనో బీపీ, షుగర్ వాళ్ళ రిజిస్టర్‌లో నాన్నగారి పేరు రాయించండి. మెట్‌ఫార్మిన్ లాంటి మామూలు మందులు నెలనెలా ఉచితంగా ఇస్తారు. మీ ఖరీదైన రెండూ అక్కడ ఉండవు, ఆశపడొద్దు.

రక్తపరీక్షలకు డబ్బులు పెట్టకండి. పీహెచ్‌సీలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్‌కు పంపుతారు. ఖమ్మంలోనే ఉంది. మూడు నెలల షుగర్, కొలెస్ట్రాల్, క్రియాటినిన్ అన్నీ అందులో ఉచితం. రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. పొద్దున్నే పరగడుపున వెళ్ళండి, పది దాటితే శాంపిల్ బండి వెళ్ళిపోతుందని మా దగ్గర తీసుకోరు.

కూకట్‌పల్లి సురేష్

ఇది మాస్టారికి కాదు, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకు. నేను క్లెయిములు చూసే ఆఫీసులో చేస్తాను. పాలసీలో రూమ్ రెంట్ లిమిట్ చదవకుండా ఆస్పత్రిలో చేరకండి. రోజుకు 5,000 లిమిట్ ఉండి 10,000 రూమ్ తీసుకుంటే రూమ్ తేడా ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు కూడా సగమే ఇస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఆ కోత వేయకూడదని ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. వేస్తే గట్టిగా అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా లేదు. అంతకుముందు రేటు చూసి వెనక్కి తగ్గినవాళ్ళు మళ్ళీ కొటేషన్ తీసుకోండి.

ఖమ్మం లెక్కల మాస్టారు

నిన్న సాయంత్రం డాక్టరు గారిని కలిశాం. తెనాలి అన్న చెప్పినట్టే బిల్లు టేబుల్ మీద పెట్టాను. ఆయన ముందు నాన్నను బాగా కోప్పడ్డారు, రాత్రి బిళ్ళ మానినందుకు. తర్వాత చీటీ కొత్తగా రాశారు, మందుల పేర్లతోనే. ఎంపాగ్లిఫ్లోజిన్ వేరే కంపెనీది 330కి వచ్చింది. టికాగ్రెలోర్ 980. విల్డాగ్లిప్టిన్-మెట్‌ఫార్మిన్ 300. బీపీ, కొలెస్ట్రాల్ మందులు 260. ఉత్త పాంటోప్రజోల్ 90. కాళ్ళ మంటల బిళ్ళ 310. బలం బిళ్ళలు, పౌడర్ కొట్టేశారు. మొత్తం 2,270. బీపీ, షుగర్ పుస్తకంలో రాయడం మొదలుపెట్టాం. సగం వాడిన పౌడర్ డబ్బా ఇప్పుడు అమ్మ తాగుతానంటోంది, "పారేస్తామా ఏంటి" అని.

విజయ గారూ, ఆరోగ్యమిత్రకు ఫోన్ చేస్తే కేసు నంబరు చెప్పమన్నారు. అది ఎక్కడుంటుంది?

విజయ, సత్తుపల్లి (స్టాఫ్ నర్సు)

డిశ్చార్జి కాగితాల మీద చూడండి. కనబడకపోతే ఆరోగ్యశ్రీకి ఇచ్చిన రేషన్ కార్డు నంబరు, చేరిన తేదీ చెప్పండి, వాళ్ళే వెతుకుతారు. సాయంత్రాలు డెస్కులో మనిషి దొరకడం కష్టం, పొద్దున చేయండి.