భ్రమ, భ్రాంతి: మనస్తత్వశాస్త్రంలో ఏది దేనికి?

డిగ్రీలో మనస్తత్వశాస్త్రం చదువుతున్న సోదరి అడిగిన ప్రశ్న న్యాయమైనదే. ఇల్యూజన్, హాలూసినేషన్, డెల్యూజన్ అనే మూడింటికీ భ్రమ, భ్రాంతి అనే రెండు మాటలనే అటూ ఇటూ మార్చి వాడుతుంటే, తెలుగు మాధ్యమంలో పరీక్ష రాసేవారు దేనిని పట్టుకోవాలి?

వ్యుత్పత్తి ఇక్కడ దారి చూపదు. రెండు మాటలూ 'తిరుగు' అనే అర్థమున్న భ్రమ్ ధాతువు నుంచే వచ్చాయి. భూభ్రమణం, పరిభ్రమించడం, పువ్వుల చుట్టూ తిరిగే భ్రమరం కూడా ఆ కుదురువే. పోనీ విభ్రమం అనే మూడో మాటను తెచ్చుకుందామంటే, కావ్యాలు చదివినవారికి అది నాయిక విలాసంగానే తోస్తుంది.

కాబట్టి ముందు విషయాన్ని విడదీసుకోవాలి. మునిమాపు వేళ దొడ్లో పడి ఉన్న చేంతాడును చూసి పామనుకొని ఉలిక్కిపడతాం, దీపం తెచ్చి చూశాక ఊపిరి పీల్చుకుంటాం. అక్కడ తాడు నిజంగానే ఉంది, కన్ను దానిని మరొకటిగా పోల్చుకుంది. ఇది ఇల్యూజన్, ఎవరికైనా కలిగేదే, రోగం కాదు. తాడు సైతం లేనిచోట పాము కనబడితే అది హాలూసినేషన్. ఫ్రెంచి వైద్యుడు ఎస్కిరోల్ 1838లో వెలువరించిన తన గ్రంథంలో ఈ రెండింటినీ ఇలాగే వేరుచేశాడు. మన వేదాంతులు మొదటిదానినే రజ్జుసర్పభ్రాంతి అన్నారు కనుక, భ్రాంతి అనే మాటను హాలూసినేషన్‌కు మాత్రమే కేటాయించడం నాకు సమ్మతం కాదు.

డెల్యూజన్ దారి వేరు, అది ఇంద్రియానికి కాక నమ్మకానికి చెందినది. "పక్కింటివాళ్లు నన్నే తిడుతున్నారు" అని ఒకామె అన్నదనుకుందాం. ఫ్యాను రొద ఆమె చెవికి తిట్లలా వినబడి ఉంటే అది ఇల్యూజన్; ఏ చప్పుడూ లేకుండానే తిట్లు వినబడితే హాలూసినేషన్; పక్కింటివాళ్ల మామూలు మాటలు ఉన్నవి ఉన్నట్టే విని, అవి తనను తిట్టడానికే అంటున్నారని, ఎవరెంత నచ్చజెప్పినా సడలకుండా నమ్మితే డెల్యూజన్. వాక్యం ఒక్కటే అయినా లక్షణాలు మూడు. ఇందులో మరో మెలిక కూడా ఉంది. ఊరంతా చేతబడిని నమ్మే చోట ఒకరు దానిని నమ్మినంత మాత్రాన, ఆ నమ్మకం నిజం కాకపోయినా, డెల్యూజన్ అనడానికి వీల్లేదు. తన చుట్టూ ఉన్న సమాజం పంచుకోని నమ్మకమా కాదా అన్నది కూడా చూడాలి. పాఠం చెప్పేవారు దీనిని దాటవేయకూడదు.

ఇల్యూజన్‌కు భ్రాంతి, హాలూసినేషన్‌కు నిరాలంబ భ్రాంతి, డెల్యూజన్‌కు మిథ్యావిశ్వాసం అని వాడితే బాగుంటుందని నా ప్రతిపాదన. నిరాలంబ అన్న మాట బరువుగా ఉన్నదని నాకూ తెలుసు, కానీ ఆధారంగా నిలిచే వస్తువేదీ లేదన్న కీలకం అందులోనే ఉంది.

ఏ పదం రాసినా పక్కనే ఒక వాడుక వాక్యం కూడా రాయండి. "మీకు భ్రాంతులు కలుగుతున్నాయా?" అని అడిగితే రోగి తెల్లబోతాడు, "చుట్టూ ఎవరూ లేనప్పుడు కూడా మాటలు వినిపిస్తున్నాయా?" అని అడిగితే జవాబు చెబుతాడు.