పాలెర్మో, టొలేడో చూసినవాళ్లు చెప్పండి: మూడు మతాలవాళ్లు నిజంగా కలిసే బతికారా?

దూరపుకొండ: సిసిలీ, స్పెయిన్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నాం. మధ్యయుగంలో అక్కడ ముస్లింలు, యూదులు, క్రైస్తవులు కలిసిమెలిసి ఉన్నారని కొందరు, అదంతా కట్టుకథేనని కొందరు అంటున్నారు. కంటికి కనిపించే ఆధారం ఏదైనా ఉందా?

కృష్ణాతీరం: సిసిలీలోని పాలెర్మోలో జీసా ప్యాలెస్ వదలొద్దు. 1148లో చనిపోయిన అన్నా అనే ఆవిడ సమాధి రాయి అక్కడుంది. సిసిలీ రాజు రెండో రోజర్ కొలువులో క్రైస్తవ మతగురువుగా ఉన్న ఆవిడ కొడుకు చెక్కించాడు. మధ్యలో సిలువ, చుట్టూ నాలుగు వైపులా ఆవిడ గురించే రాసి ఉంటుంది: లాటిన్, గ్రీకు, అరబిక్, నాలుగో వైపు యూదుల హీబ్రూ లిపిలో అరబిక్. సంవత్సరం కూడా ఎవరి లెక్క వాళ్లదే, అరబిక్‌లో హిజ్రీ 543. తల్లి పోయిన సంగతి ఊళ్లో అన్ని మతాలవాళ్లూ చదవాలనుకున్నాడంటే, వాళ్లంతా అతనికి ఇరుగుపొరుగే అయ్యుంటారని నాకనిపించింది.

గోదారిగట్టు: స్పెయిన్‌లోని టొలేడోలో ఎల్ ట్రాన్సిటో చూడండి. అక్కడి కాస్టిల్ రాజ్యపు రాజు పెద్రో ఖజానా చూసుకునే సామ్యూల్ హలేవి 1350ల్లో కట్టించిన యూదుల ప్రార్థనా మందిరం. గోడల మీద హీబ్రూ ప్రార్థనలతో పాటు అరబిక్ రాతలూ, క్రైస్తవ రాజు చిహ్నాలూ ఉంటాయి. ఇంత చేసినా కొన్నేళ్లకే ఆ రాజే ఆయన్ని ఖైదు చేయించి, చిత్రహింసలు పెట్టి చంపించాడు. 1492లో యూదులందర్నీ దేశం నుంచే వెళ్లగొట్టాక అది చర్చి అయింది.

దక్కన్‌పిట్ట: నేను చెప్పాలనుకున్నదీ అదేనండి, పనితనం కలిసిందని మనుషులకి భద్రత దొరికినట్టు కాదు. రోజర్ మనవడు, తర్వాత సిసిలీ రాజైన రెండో ఫ్రెడరిక్‌కి అరబిక్ పండితులంటే ఎంతో గౌరవం, కానీ తిరగబడిన సిసిలీ ముస్లింలని 1220ల నుంచి ఇటలీలోని లూచెరాకి తరలించింది ఆయనే. 1300లో అంజూ వంశపు రాజు రెండో చార్లెస్ ఆ ఊరినే నాశనం చేసి జనాన్ని బానిసలుగా అమ్మించాడు. అటు స్పెయిన్‌లోని కోర్దోబాలోనూ అంతే, 1148లో ఉత్తర ఆఫ్రికా నుంచి అల్మొహాద్‌లనే ముస్లిం పాలకులు రావడంతో యూదు పండితుడు మైమొనిడీస్ కుటుంబం ఊరు వదలాల్సొచ్చింది.

కృష్ణాతీరం: ఒప్పుకుంటాను. అయినా ఆ రాయి అబద్ధం కాదు కదా, రాజుల మాట వేరు, పక్కింటివాళ్ల మాట వేరు.

గోదారిగట్టు: దూరపుకొండ గారూ, పాలెర్మో రాజభవనంలో ప్రార్థనాలయం కూడా చూడండి. గోడలకి బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) పద్ధతి మొజాయిక్‌లు, పైన ఇస్లామిక్ పద్ధతి చెక్క కప్పు. ఆ కప్పు మీద వాయిద్యాలు వాయించేవాళ్లు, చదరంగం ఆడేవాళ్ల బొమ్మలున్నాయి, కింద నుంచి సరిగ్గా కనపడవు, చిన్న బైనాక్యులర్స్ పట్టుకెళ్లండి.