దొరికిన పర్సులో ఫోన్ నంబరు లేదు, యజమానిని ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న

దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్ దగ్గర ఈ సాయంత్రం మగవాళ్ల పర్సు ఒకటి దొరికింది. పక్క షాపుల్లో అడిగితే ఎవరిదో తెలీదన్నారు. లోపల పాన్ కార్డు, ఎస్‌బీఐ ఏటీఎం కార్డు, ఒక పెద్దాసుపత్రి ఓపీ చీటీ, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, కొంత డబ్బు ఉన్నాయి. ఆధార్ లేదు. ఫేస్‌బుక్‌లో పెట్టమని ఒకరు, స్టేషన్‌లో ఇచ్చేయమని ఇంకొకరు అంటున్నారు. మనిషికే నేరుగా అందితే బాగుండునని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1

ఓపీ చీటీతో మొదలుపెట్టండి. మీ చేతిలో ఉన్నవాటిలో అన్నిటికన్నా పనికొచ్చేది అదే. చీటీ పైభాగంలో పేరు, వయసు పక్కన రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఆ నంబరు కింద రోగి మొబైల్ నంబరు ఆసుపత్రి కంప్యూటర్లో ఉంటుంది. రిసెప్షన్‌కి ఫోన్ చేసి "ఈ నంబరు చీటీ ఉన్న పర్సు దొరికింది, వాళ్లకు నా నంబరు ఇచ్చి ఫోన్ చేయమనండి" అని అడగండి. రోగి నంబరు మీకిమ్మంటే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. చీటీ మీద పేరు, పాన్ మీద పేరు వేరైతే కంగారుపడకండి, అమ్మదో భార్యదో అయి ఉండొచ్చు. రివ్యూకి ఆ చీటీ కావాలి కాబట్టి రేపటిదాకా ఆగొద్దు.

పాన్‌తో పెద్దగా లాభం లేదు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ తప్ప అడ్రసు ఉండదు. దొరికితే పంపమని వెనక పుణే అడ్రసో నవీ ముంబై అడ్రసో ఉంటుంది గానీ, అది ఏ దారీ లేనప్పటి మాట.

జవాబు 2

బ్యాంకు వైపు సంగతి. కార్డు వెనక ఉన్న టోల్ ఫ్రీ నంబరుకి ఫోన్ చేసి, దొరికిన కార్డు అని మొదటే చెప్పండి. పేరు, చివరి 4 అంకెలు చెప్పి, మీ నంబరు ఖాతాదారుకి అందించమనండి. వెనకున్న సీవీవీ ఎవరు అడిగినా చెప్పకండి. కాల్ సెంటర్లో పని కాకపోతే పొద్దున్నే దగ్గర్లోని ఎస్‌బీఐ బ్రాంచికి వెళ్లండి. ఏ బ్రాంచి అయినా కార్డు నంబరుతో ఖాతా చూడగలదు. కార్డు వాళ్లు తీసుకుంటే రాసిచ్చిన కాగితం అడగండి. డబ్బు మాత్రం కార్డుతో పాటు కౌంటర్లో పెట్టకండి, దాని లెక్క వాళ్ల పని కాదు.

కార్డు మీద వైఫై లాంటి గుర్తు ఉంటే పిన్ లేకుండానే ఒక్కసారికి 5,000 దాకా ట్యాప్ చేయొచ్చు. అందుకే అది చేతులు మారకూడదు.

జవాబు 3

ఇంకెవరికైనా చూపించేముందు డబ్బు లెక్కపెట్టండి. పక్కన ఒకరు ఉండగా, నోట్లు విడివిడిగా పరిచి, వీడియో తీసుకుంటూ లెక్కపెట్టాలి. ఇలాంటి వాటిలో గొడవ వచ్చేది ఎప్పుడూ ఒక్కచోటే: "ఇందులో ఇంకా ఉండాలి" అన్న మాట దగ్గర.

ఆసుపత్రి, బ్యాంకు రెండింటి నుంచీ రేపు సాయంత్రానికి కబురు రాకపోతే స్టేషన్‌కి వెళ్లండి. ఎక్కడ, ఎన్ని గంటలకు దొరికింది, లోపల ఏమేం ఉన్నాయి, ఏ నోట్లు ఎన్ని అని తెల్ల కాగితం మీద రెండు ప్రతులు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, సంతకం తీసుకోండి. ఆ కాగితం లేకుండా పర్సు ఇచ్చి రావొద్దు.

చట్టం మీకు అండగానే ఉంది. కాపాడి తిరిగి ఇవ్వడానికి తీసుకుంటే నేరం కాదు. యజమాని ఎవరో తెలిసీ, లేదా వెతికే ప్రయత్నమే చేయకుండా వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 314 కింద 6 నెలలకు తగ్గకుండా 2 ఏళ్ల దాకా జైలు, జరిమానా. బస్సులో దొరికితే కండక్టరుకి, మెట్రోలో అయితే స్టేషన్ కౌంటర్లో, రైల్లో అయితే ఆర్పీఎఫ్‌కి ఇవ్వడం మేలు. పోగొట్టుకున్నవాళ్లు ముందు అక్కడికే వస్తారు.

జవాబు 4

ఫేస్‌బుక్‌లో పెట్టాలనుకుంటే "ఫలానా ఏరియాలో పర్సు దొరికింది, గుర్తులు చెప్పి తీసుకోండి" అన్నంతవరకే. కార్డుల ఫొటోలు, పేరు, రంగు, డబ్బెంతో ఏదీ బయటపెట్టొద్దు. పాన్ నంబరు, పుట్టిన తేదీ కలిసి దొరికితే మోసగాళ్లకు అదే చాలు. పేరు పెట్టారంటే ఆ పేరుతోనే ఇద్దరు ముగ్గురు ఫోన్ చేస్తారు.

వచ్చినవాళ్లను మీరు అడగాలి: పర్సు రంగు, ఏ బ్యాంకు కార్డు, చీటీ ఏ ఆసుపత్రిది, తండ్రి పేరు. మీరే చెప్పి "అవునా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. ఇచ్చేటప్పుడు లోపలున్న ఫొటోలు మనిషితో పోల్చండి, ఆధార్ ఫోన్లో చూపించమనండి, డబ్బు వాళ్ల చేతే లెక్కపెట్టించి "అన్నీ ముట్టాయి" అని సంతకం తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. ఆసుపత్రికి ఇప్పుడే చేస్తాను. ఆయన వేరే ఊర్లో ఉంటే కొరియర్ చేయొచ్చా?

జవాబు 3 రాసినవారు

కార్డులు, చీటీ స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు ఫొటో ఆయనకు పెట్టండి. నోట్లు కవరులో పెట్టొద్దు. డబ్బు యూపీఐలో వేయండి. పంపే ముందు తెర మీద కనిపించే ఖాతా పేరు పాన్ మీద పేరుతో కలవాలి, కలవకపోతే ఆపేయండి. ఆయన క్యూఆర్ పంపితే స్కాన్ చేయకుండా నంబరు అడిగి మీరే టైప్ చేయండి.