సాష్ వెయిట్‌కు తెలుగు: గుండా, దిమ్మా, పడికట్టా?

పర్లాకిమిడి నుంచి, అడిగినవారు:

పెద్దలకు నమస్కారం. ఒక మాట కావాలి. బరంపురంలో మా తమ్ముడికి చిన్న పోత షెడ్డు ఉంది. ఇంగ్లండ్‌లో పాత ఇళ్ల కిటికీలు బాగుచేసేవాళ్ల దగ్గర్నుంచి సాష్ వెయిట్లు పోసిస్తారా అని ఎంక్వయిరీ వచ్చింది. షెడ్డులో తెలుగువాళ్లూ ఉన్నారు, ఒడియావాళ్లూ ఉన్నారు. పని కాగితం రెండు భాషల్లోనూ గోడకు అంటించాలని వాడి పట్టుదల. ఒడియా కాగితంలో మేస్త్రీ ‘ఓజన’ అని రాసేసి చేతులు దులుపుకున్నాడు. తెలుగు కాగితం నా నెత్తిన పడింది.

చూడనివాళ్ల కోసం వస్తువు సంగతి చెప్తాను. మన కిటికీ రెక్కలు బందుల మీద తిరుగుతాయి. ఆ కిటికీ రెక్కలు పైకీ కిందికీ జారతాయి, ఒకదాని వెనక ఒకటి. గాజుతో కలిపి రెక్క బాగా బరువుంటుంది, చెయ్యి వదిలితే దబ్బున పడుతుంది. అందుకని ఫ్రేముకు రెండు పక్కలా బోలు పెట్టెలు పెడతారు. రెక్కకు కట్టిన తాడు కప్పీ మీదుగా ఆ పెట్టెలోకి దిగుతుంది. దాని రెండో కొసకు ఇనప కడ్డీ లాంటిది వేలాడుతుంది, అదే సాష్ వెయిట్. రెక్క ఎక్కితే అది దిగుతుంది, రెక్క దిగితే అది ఎక్కుతుంది. ఒక్కో రెక్కకు రెండు, మొత్తం కిటికీకి నాలుగు. 17వ శతాబ్దం చివరి నుంచి అక్కడ ఈ పద్ధతి ఉంది. 1774 నాటి లండన్ కట్టడాల చట్టం ఆ పెట్టెలను ఇటుక గోడ వెనక్కి జరిపించింది. బరువెలాగూ కనపడదు, అప్పటి నుంచి బయటివాళ్లకు పెట్టె కూడా కనపడటం లేదు.

నేను అనుకున్నవి: ఇనపగుండు, దిమ్మ, ఎదురుబరువు. ఏదీ నోటికి ఆనడం లేదు.

గుణుపురం నుంచి:

వెయిట్ అంటే సరిపోదా? అందరికీ తెలిసిన మాటే కదా.

అడిగినవారు:

షెడ్డులో వెయిట్ అంటే కాటా మీద కనపడే అంకె. కాగితంలో ‘వెయిట్ వెయిట్ 9 కిలోలు’ అని రాయమంటారా?

రాయగడ నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:

‘ప్రతిభారం’ అనవచ్చు. కానీ మీ కుర్రాళ్లు పరీక్షల ప్రతిభ అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి నేనే వద్దంటాను. ‘పోతగుండు’ తీసుకోండి. అన్నీ పోత పోసినట్టు ఒకేలా ఉంటాయి గనక ఆ పేరులో తయారీ తెలుస్తుంది, ఆకారమూ తెలుస్తుంది. మన భాషలో ఆ పోలిక ఊరికే పుట్టలేదు. ‘వాళ్ల నాన్నను పోత పోసినట్టున్నాడు’ అంటే ముక్కూ మొహం తేడా లేదనేగా.

బరంపురం నుంచి, పోత షెడ్డు:

మాస్టారూ, కోప్పడకండి. ఆ పోలిక కట్టినాయన పోసింది కాటా మీద పెట్టి చూసి ఉండడు. పోతలో ఏదీ మూసంత ఉండదు. కరిగిన ఇనుము గట్టిపడి చల్లారేసరికి కుంచించుకుపోతుంది. మామూలు బూడిదరంగు పోత ఇనుమైతే అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే నూటికి ఒకటి దాకా తగ్గుతుంది. అందుకే ఇసుకలో అదిమి మూస తీసే చెక్క నమూనా ఉంటుందే, అది చేసే వడ్రంగి స్కేలే వేరు. దాని మీద అడుగు మన అడుగు కంటే పొడవు. అదే ఇనుము తెల్లగా గట్టిపడితే తగ్గుదల దాదాపు రెట్టింపు. సిలికాన్ తక్కువైనా, గంధకం ఎక్కువైనా, పోత గబుక్కున చల్లారినా లోపలి కార్బన్ గ్రాఫైటుగా విడిపోకుండా ఇనుముతోనే ఉండిపోతుంది. విరిచి చూస్తే తెల్లగా మెరుస్తుంది. బాగా పెళుసు, డ్రిల్లు దిగదు.

ఈ కిటికీ బరువులకు మొదటి నుంచీ అట్టడుగు తుక్కే వాడేవారు. అమెరికాలో తగరం పూసిన రేకు ముక్కలు కూడా కరిగించి వీటిలోకే పోసేవారు. చీకటి పెట్టెలో వేలాడేదానికి మంచి ఇనుమెందుకని. ఆ లెక్క నాకు తప్పనిపించదు. వీటికి పెద్ద బలం అక్కర్లేదు, చెక్కడం లేదు, పాలిష్ లేదు. కావలసింది ఒక్క బరువే. తమాషా ఏమిటంటే తుక్కు పోతలో నిలకడగా రానిది కూడా అదే. ఒకే నమూనాతో పొద్దున పోసిందీ సాయంత్రం పోసిందీ అంకె కలవవు. ఇసుక సరిగ్గా దట్టించకపోతే కరిగిన ఇనుము బరువుకు మూస గోడలు వెనక్కి జరిగి ముక్క ఉబ్బుతుంది, బరువెక్కుతుంది. గాలి బుడగలు చిక్కితే తేలికవుతుంది. కాబట్టి పోత పేరు పెట్టి ‘ఒకేలా’ అనే అర్థం తీయొద్దు. చూపుకు ఒకేలా ఉంటాయి, తూకానికి ఉండవు.

గుణుపురం నుంచి:

మరి బరువు సరిగ్గా రావాలంటే పొడవు కోసేస్తే పోలేదా?

బరంపురం, పోత షెడ్డు:

తెల్ల ఇనుము రంపానికి లొంగదు బాబూ. పైగా పొడవు మన ఇష్టం కాదు. పెట్టె ఇరుకు, లావు పెంచలేం. 5 సెంటీమీటర్ల లావు గుండ్రటి పోత ఇనుము 9 కిలోలు తూగాలంటే సుమారు 64 సెంటీమీటర్ల పొడవుండాలి. అది మరీ పొడవైతే రెక్క పూర్తిగా పైకి వెళ్లకముందే బరువు పెట్టె అడుక్కి తగిలి ఆగిపోతుంది. అదే లావులో సీసమైతే 41 సెంటీమీటర్లు చాలు, తుప్పు గొడవా ఉండదు. చాలామంది అటే మొగ్గుతారు. సీసం పొగ మా షెడ్డులోకి రానివ్వను, ఆ మాట ఎంక్వయిరీ చేసినవాళ్లకు ముందే రాశాను.

ఇంకో చిక్కు ఉంది. పాత కిటికీలకు ఇప్పుడు మందం గాజు వేస్తున్నారు. 3 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 7.5 కిలోలు, 4 మిల్లీమీటర్లదైతే 10. రెండు పొరల గాజైతే చెప్పనే అక్కర్లేదు. రెక్క బరువెక్కింది, లోపల వేలాడేది పాతదే. అప్పుడు కిటికీ ఎత్తితే నిలవదు.

అందుకని నేను చేయబోయేది ఇది. నమూనా కావాలనే కొంచెం తక్కువ బరువుకు చేస్తాను. 9 కావాలంటే 8.6కు. పోశాక ఒక్కోదాన్నీ తూచి, పక్కన చీలిక ఉన్న చిన్న ఇనప బిళ్లలు తాడుకు తొడిగి బరువు నెత్తిన కూర్చోబెట్టి సరిచేయాలి. రేపు గాజు మారినా బిళ్ల ఒకటి వేస్తే సరి, కొత్త కడ్డీ పోయక్కర్లేదు. మూసలోనే గ్రాములు రాబట్టాలని కుస్తీ పట్టడం నాకు దండగగా కనిపిస్తుంది.

పోయడం కూడా చెప్తాను, ఎలాగూ కూర్చున్నాను కదా. నమూనాను రెండు సగాలు చేసి, పడుకోబెట్టి, ఇసుక దట్టించిన పై పెట్టె కింద పెట్టె వేసి పోస్తాం. అతుకు దగ్గర పొడుగునా పల్చగా ఇనుము పొడుచుకొస్తుంది. మేం ఫ్లాష్ అంటాం. కిటికీ ఫ్రేము పెట్టెలో ఆ పక్కా ఈ పక్కా రెండు బరువులు ఆడతాయి, వాటి మధ్య పల్చటి చెక్క బద్ద ఒకటి వేలాడుతుంది. ఫ్లాష్ ఆ బద్దకు పట్టుకుంటే కిటికీ సగంలో మొరాయిస్తుంది. నిలువుగా పోస్తే ఆ గీత రాదు గానీ, అంత పొడవు నమూనా ఇసుకలోంచి ఊడిరావాలంటే ఒక కొస సన్నబడాలి, అక్కడ బరువు పోతుంది. నేను పడుకోబెట్టే పోసి ఫ్లాష్‌కు సానరాయి పట్టిస్తాను. కింది కొస మట్టంగా కాకుండా గుండ్రంగా చేస్తాను, ఎక్కడా తట్టుకోకుండా.

రాయగడ మాస్టారు:

ఒప్పుకున్నాను. ‘పోత పోసినట్టు’ చూపు మీద పుట్టిన మాట, తూకం మీద కాదు. అయితే ‘గుండు’ కూడా పోయినట్టే. అది ఆకారం పేరు. మీరు చెప్పేదాన్ని బట్టి ఈ వస్తువుకు ఆకారం ముఖ్యం కాదు. దేనికి సరితూగుతుందన్నదే ముఖ్యం.

పర్లాకిమిడి బజారు నుంచి, కిరాణా వ్యాపారం:

అయితే మా కొట్లో వెతకండి. సరితూగేదాన్ని పడికట్టు రాయి అనేవారు. రాయా, ఇనుమా, ఇత్తడా అన్నది లెక్కలేదు. అవతలి పళ్లేనికి బదులు చెప్పాలి, అంతే. మీ ఇనప కడ్డీ చేసే పని కూడా అదే కదా, రెక్కకు పడికట్టు.

రాయగడ మాస్టారు:

మాట బంగారం. కానీ ఇప్పుడు ‘పడికట్టు పదాలు’ అంటే అరిగిపోయిన మాటలు అని వాడుతున్నారు. తిట్టులా వినిపించదూ?

అడిగినవారు:

పత్రికల తిట్టు షెడ్డు దాకా రాదులెండి. నాకు నచ్చింది. మరి ఇంకోటి మిగిలింది. డ్రాయింగులో పై రెక్కవీ కింది రెక్కవీ ఒకే బరువు కాదు. 18 కిలోల రెక్కకు రెండు తొమ్మిదులు చాలుననుకున్నాను. పై రెక్కకు 9.2 అడిగారు, కింది రెక్కకు 8.8. ఎందుకో తమ్ముడు చెప్పాడు. పై రెక్క మూసి ఉండాలంటే పైకి నొక్కుకుని ఉండాలి, అందుకని బరువు కాస్త ఎక్కువ. కింది రెక్క మూసి ఉండాలంటే కిందికే కూర్చోవాలి, అందుకని కాస్త తక్కువ. ఈ ఎక్కువకూ తక్కువకూ పేర్లేవి?

పర్లాకిమిడి బజారు:

ఇంత చదువుకుని ఇది అడుగుతారేం? ఎక్కువది మొగ్గు. త్రాసు సరిగ్గా నిలిచాక ఇంకో పిడికెడు వేస్తే ముల్లు అటు వాలుతుంది చూడండి, అది. ‘మొగ్గుగా తూచవయ్యా’ అని అడగని ఆడమనిషి మా కొట్టుకు రాలేదు. తక్కువది తరుగు. ధాన్యం కొనేవాడు బస్తాకు ఇంతని కోసేది. పై రెక్కకు మొగ్గు, కింది రెక్కకు తరుగు. ఆ చీలిక బిళ్లలున్నాయే, తూచాక ఆఖర్న వేసేవి, వాటిని కొసరు అనండి. మేం కొసరు వేయకపోతే బేరమే తెగదు.

అడిగినవారు:

ఇంతకంటే ఏం కావాలి! గిడుగు రామమూర్తి గారు పాఠం చెప్పిన ఊళ్లో ఉంటూ మాట కోసం నిఘంటువుల వెంట పడ్డాను, వీధి చివర కొట్టు వదిలేసి. మోల్డింగ్ మాటలు పోత షెడ్డువే ఉంచుతాను. తూకం మాటలు బజారువి తీసుకుంటాను.

బరంపురం, పోత షెడ్డు:

తరుగు దగ్గర ఆగండి అన్నయ్యా. మావాళ్లు ఇనుము కుంచించుకుపోవడాన్ని కూడా ‘తరుగుతుంది’ అంటారు. ‘తరుగు 0.2’ అని రాస్తే నమూనా కొలతలో పట్టేస్తారు. అప్పుడు కింది రెక్కలవన్నీ పాడైపోతాయి. కుంచించుకోవడానికి ష్రింకేజ్ అనే ఉంచు, అది అందరికీ నోట్లో ఉంది. తరుగు అన్నచోట ‘తూకంలో తరుగు’ అని పూర్తిగా రాయి.

అడిగినవారు:

రాశాను. కాగితం ఇలా ఉంది, చూసి చెప్పండి:

‘కిటికీ పడికట్టు. లావు 5 సెం.మీ. మించరాదు. కింది కొస గుండ్రం. పోశాక ఫ్లాష్ రాయితో తీసేయాలి. ప్రతి ముక్కా విడిగా తూచి, బరువు దాని నెత్తిన సుద్దతో రాయాలి. తక్కువైతే కొసరు బిళ్లలు. పై రెక్క పడికట్టుకు తూకంలో మొగ్గు 200 గ్రాములు, కింది రెక్క పడికట్టుకు తూకంలో తరుగు 200 గ్రాములు. తూచాక తుప్పు పట్టకుండా రంగు.’

గుణుపురం నుంచి:

రంగు వేశాక తూచాలి కదా? రంగుకూ బరువుంటుంది.

బరంపురం, పోత షెడ్డు:

రంగు బరువు మొగ్గులో పోతుంది బాబూ. తడి రంగు మీద సుద్ద గీత నిలవదు, అందుకే ముందు తూచడం. రంగేశాక అదే అంకె మళ్లీ పెయింటుతో రాస్తాం.

అడిగినవారు:

తాడు దూర్చే కన్నానికి ఏమనాలి? డ్రాయింగులో ‘ఐ’ అని ఉంది. కన్ను అని రాస్తే దిష్టిబొమ్మలా ఉంది.

రాయగడ మాస్టారు:

బెజ్జం. సూదికి ఏదైతే ఉందో అదే.

బరంపురం, పోత షెడ్డు:

బెజ్జం బాగుంది, రాసేయి. దాని పక్కనే ఇంకో రెండు ముక్కలు కలుపు. డ్రిల్లు దిగదు కాబట్టి బెజ్జం కోర్ పెట్టి, అంటే కన్నం రావాల్సిన చోట మూసలో ఇసుక ముద్ద పెట్టి, పోతలోనే రావాలి. అంచులు గుండ్రంగా ఉండాలి, పదునుగా ఉంటే తాడు కోసుకుపోతుంది. ముడి లోపలికి దాగడానికి బెజ్జం కింద గుంట ఉండాలి, లేకపోతే ముడి పక్కకు పొడుచుకొచ్చి పెట్టె గోడకు రాసుకుంటుంది. ఆ గుంటకు పేరు పెట్టకు, గుంట అంటే చాలు.