గౌతమి పాయ నీటి కొలతలను ఒకచోట చేర్చి ఆన్‌లైన్‌లో పెట్టాలంటే ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తాను. గౌతమి గోదావరి పాయ మీద, యానాం నుంచి కాకినాడ అఖాతం దాకా, మా విద్యార్థులు ఏళ్ల తరబడి తీసిన కొలతలు మా విభాగంలో ఉన్నాయి. నీటి ఉప్పదనం, ఉష్ణోగ్రత, కరిగిన ఆక్సిజన్, రొయ్య పిల్లల లెక్కలు. కొన్ని ఎక్సెల్ ఫైళ్లు, కొన్ని బైండు చేసిన నివేదికలు, ఎక్కువ భాగం పడవలో రాసుకున్న నోటు పుస్తకాలు. ఎవరైనా వెతికి వాడుకునేలా వీటిని ఒక విజ్ఞాన నిధిగా చేయాలని ఉంది. వెబ్‌సైటు తయారుచేసి ఇస్తామని ఒక సంస్థవారు వచ్చారు. కానీ ఏటా వారికి కట్టవలసిన సొమ్ము మాకు భారం. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు:
మాస్టారూ, నమస్తే. వెబ్‌సైటు సంగతి తర్వాత చూద్దాం, ముందు నోటు పుస్తకాలను కాపాడండి. ఎక్సెల్ ఫైలుకు ఎక్కడో ఒక నకలు ఉంటుంది. పడవలో తడిసిన పుస్తకానికి ఉండదు. ప్రతి పేజీని మంచి వెలుతురులో ఫోనుతోనైనా సరే ఫొటో తీయించి, ఆ ఫైలుకు పుస్తకం సంఖ్య, పేజీ సంఖ్యలతో పేరు పెట్టండి. పట్టికలోకి ఎక్కించే ప్రతి వరుసలోనూ ఆ ఫైలు పేరుకు ఒక గడి ఉంచండి. రేపు ఏదైనా అంకె మీద అనుమానం వస్తే అసలు పేజీ వెంటనే దొరుకుతుంది.

ముఖద్వారం దగ్గరి నీటికి ఒక ప్రత్యేకత ఉంది. కాకినాడ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి యానాం దగ్గర ఉదయం తీసిన ఉప్పదనానికీ మధ్యాహ్నం తీసినదానికీ పొంతన లేకపోవచ్చు, అయినా రెండూ నిజమే. పైగా కొన్ని రోజుల్లో పైన మంచినీరు, అడుగున సముద్రపు నీరు పొరలుగా ఉంటాయి. అందువల్ల 'ఉప్పదనం 18' అని ఒక్క అంకె రాసిపెడితే ఎవరికీ అక్కరకు రాదు. ఎన్ని గంటలకు తీశారు, అప్పుడు పోటా ఆటా, ఎంత లోతు, ఏ పరికరం అన్నవి దాని పక్కనే ఉండాలి. గంట ఉండి పోటు వివరం లేకపోతే ఆనాటి ఆటుపోట్ల పట్టిక చూసి నింపవచ్చు. అలా తర్వాత నింపినదని మరో గడిలో చెప్పండి. గంట కూడా లేకపోతే ఆ గడి ఖాళీగానే వదలండి, ఊహించి రాయవద్దు.

ధవళేశ్వరం బ్యారేజీ నుంచి ఆ రోజుల్లో నీరు వదిలారా అన్నదీ ముఖ్యమే. ఎండాకాలంలో గేట్లు మూసినప్పుడు పైనుంచి వచ్చే నీరు బాగా తగ్గిపోయి, సముద్రపు నీరు పాయలోకి ఎగబాకుతుంది. వరదలు మొదలయ్యాక అదే చోట ఉప్పు జాడ దొరకడమే కష్టం. ఇంత మార్పునూ 'నెలసరి సగటు' అనే ఒక్క అంకెలోకి కుదించి, అసలు కొలతలు పారేసిన నివేదికలు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. దయచేసి సగటులతో పాటు అసలు కొలతలనూ ఉంచండి.

మరొకరి జవాబు:
గ్రంథాలయంలో పాత నివేదికలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాది. తేదీల విషయంలో జాగ్రత్త. 03/04/2009 అంటే ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా? 2009-04-03 అని ఏడాది ముందు వచ్చేలా రాస్తే ఎవరికీ తికమక ఉండదు. పాత తెలుగు ఫైళ్లు 'అను' (Anu) అనే పాతరకం ఫాంట్లలో ఉంటే, ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ వాడే యూనికోడ్‌లోకి మార్చండి, లేకపోతే వెతికినప్పుడు ఊరి పేరు కూడా దొరకదు. ఒకరు కోరంగి అని, ఇంకొకరు కోరింగ అని రాసి ఉంటారు. ఒక రూపం ఖాయం చేసుకుని, పక్కన అక్షాంశ రేఖాంశాలు ఇవ్వండి.

సున్నాకూ ఖాళీకీ తేడా పాటించండి. వల వేసినా రొయ్య పిల్ల ఒక్కటీ పడకపోతే 0. ఆ రోజు వలే వేయకపోతే ఖాళీ. ఈ రెండూ కలిసిపోతే తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. సొంత వెబ్‌సైటు లేకుండా ఎక్కడ పెట్టాలి? విద్యార్థుల అనుమతి కావాలా? హోప్ ఐలాండ్‌లో తాబేళ్లు గుడ్లు పెట్టిన చోట్లు కూడా పుస్తకాల్లో ఉన్నాయి, వాటినీ పెట్టవచ్చా?

మొదట జవాబిచ్చినవారు:
జెనోడో అనే ఆన్‌లైన్ పరిశోధన నిధిలో పెట్టండి. దాన్ని జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రం 2013 నుంచి నడుపుతోంది, రుసుము లేదు. ప్రతి సంపుటికీ డీఓఐ అనే శాశ్వత సంఖ్య ఇస్తారు. తప్పులు దిద్ది కొత్త ప్రతి పెట్టినా పాతది అలాగే ఉంటుంది. పట్టికలను ఎక్సెల్‌గా కాకుండా, ఏ ప్రోగ్రాంలోనైనా తెరుచుకునే సీఎస్‌వీ అనే సాదా ఫైలుగా పెట్టి, ప్రతి గడి అర్థాన్నీ కొలమానాన్నీ వివరించే ఒక చిన్న ఫైలు జతచేయండి. దాన్ని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాస్తే మరీ మంచిది. గోదావరి ప్రవాహపు లెక్కలను మీరు మళ్లీ ఎక్కించనక్కరలేదు, కేంద్ర జల సంఘం కొలతలు ఇండియా-వ్రిస్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఉంటాయి, లంకె ఇస్తే సరిపోతుంది.

అనుమతి తప్పక తీసుకోండి, రాతపూర్వకంగా. పడవ ఎక్కి కొలతలు తీసిన పిల్లల పేర్లు కర్తల జాబితాలో ఉండాలి, అది వారికి దక్కవలసిన గౌరవం. ఎవరైనా వాడుకోవచ్చు, కానీ పేరు చెప్పాలి అనుకుంటే సీసీ బై 4.0 లైసెన్సు ఎంచుకోండి.

తాబేళ్ల గూళ్ల కచ్చితమైన చోట్లు మాత్రం బయట పెట్టవద్దు. అక్కడ గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉంది. అక్షాంశ రేఖాంశాల్లో దశాంశ బిందువు తర్వాత ఒక్క అంకె ఉంచితే స్థానం సుమారు 11 కిలోమీటర్ల మేరకు మసకబారుతుంది. కావాలనే అలా చేశామని వివరణలో రాయండి. మడ అడవిలో బావురుపిల్లి కనిపించిన చోట్లకూ ఇదే పద్ధతి.

ప్రశ్న అడిగినవారు:
చివరి సందేహం. పాత పుస్తకాల్లో కొలతలు తీసిన చోటుకు 'కేంద్రం 4', 'కేంద్రం 7' అనే ఉంది, అక్షాంశ రేఖాంశాలు లేవు.

మొదట జవాబిచ్చినవారు:
ఆనాటి విద్యార్థులకు ఫోను చేయండి, పడవ నడిపినవారినీ వెతకండి. మలుపులూ రేవులూ వారికి కొట్టినపిండి. వారిని వెంటబెట్టుకుని వెళ్లి, చూపిన ప్రతి చోటా ఫోనులో స్థానం నమోదు చేసి, 'పడవ నడిపినవారు చూపిన చోటు' అని రాసి, అంచనా తేడా ఎన్ని మీటర్లో చేర్చండి. మొగ దగ్గర ఇసుక దిబ్బలు ఏటా జరుగుతాయి కాబట్టి అక్కడి కేంద్రాలకు ఆ తేడా ఎక్కువ వేయండి. వయసు మీద పడినవారు ఉంటే ఈ పనిని నోటు పుస్తకాల కంటే ముందే చేయండి.