ఇన్సిడెంట్ రిపోర్టులో నర్సు పేరు ఉండాలా, వద్దా?

నైట్‌డ్యూటీ_సిస్టర్:
మా వార్డులో డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్స్ ట్రేలో పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ ఒకటి కలిసిపోయింది. రెండూ ఒకే సైజు, అక్షరాల రంగు కూడా ఒకటే. యాంటీబయాటిక్ కలిపే ముందు లేబుల్ చదివాను కాబట్టి సరిపోయింది. అదే పలచన చేయకుండా ఒక్కసారిగా నరంలోకి వెళ్తే గుండె ఆగిపోతుంది. నియర్ మిస్ (జరగబోయి తప్పిన పొరపాటు) ఫారం తీస్తే మొదటి గడిలోనే పేరు, ఎంప్లాయీ నంబరు అడిగారు. "వదిలెయ్యవే, ట్రే ఎవరు సర్దారని ముందు నిన్నే నిలదీస్తారు" అంది పక్క సిస్టర్. నేను రాసే ఇచ్చాను. కానీ ఆమె భయం ఉత్తినే పుట్టింది కాదు. ఆ పేరు గడి తీసేయాలంటాను. మీరేమంటారు?

క్వాలిటీ_డెస్క్:
నేను ఒప్పుకోను సిస్టర్. పేరు లేని చీటీలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. "ఐసీయూలో తప్పు మందు ఇచ్చారు" అని ఉంటుంది, అంతే. ఏ మందు, ఏ షిఫ్టు, పేషెంటుకి ఏమైంది? అడుగుదామంటే రాసిన మనిషి ఎవరో తెలీదు. మీ ఆంప్యూల్ సంగతే చూడండి. ఫార్మసీ నుంచే కలిసి వచ్చిందా, వాడగా మిగిలింది వార్డులో ఎవరో పొరపాటున ఆ ట్రేలో పెట్టారా? మీతో మాట్లాడితేనే తేలుతుంది. రెండోదే అయితే, గాఢ పొటాషియం వార్డు స్టాకులో ఎందుకుందన్నది అసలు ప్రశ్న. అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 1998లో ఇచ్చిన మొట్టమొదటి సెంటినెల్ అలర్ట్ (తీవ్రమైన పొరపాట్ల మీద హెచ్చరిక) దీని మీదే. వార్డుల్లోంచి తీసేయమని చెప్పింది.

తెల్లకోటు_కాదు:
పేరు చెప్తే ఏమవుతుందో అమెరికా నర్సు రాడోండా వాట్‌ని చూస్తే తెలుస్తుంది. 2017లో వాండర్‌బిల్ట్ ఆసుపత్రిలో వెర్సెడ్ (మత్తు మందు) ఇవ్వాల్సిన చోట వెక్యురోనియం (కండరాలు కదలకుండా చేసే మందు) ఇచ్చింది, పేషెంటు చనిపోయారు. తెలిసిన వెంటనే తనే చెప్పింది. లైసెన్సు పోయింది, 2022లో కోర్టు దోషిగా తేల్చి మూడేళ్ల ప్రొబేషన్ వేసింది. ఆసుపత్రి మాత్రం రాష్ట్ర అధికారులకి చెప్పనేలేదు. 2018లో ఎవరో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేస్తేనే వ్యవహారం బయటపడింది. చెప్పినామె బోనెక్కింది. ఇంకెవరు పేరు రాస్తారండీ?

క్వాలిటీ_డెస్క్:
ఆ కేసు సగమే చెప్పారు. వెర్సెడ్ ద్రవం, వెక్యురోనియం పొడి. కలుపుకుని మరీ ఇవ్వాలి. మూత మీద పక్షవాతం తెచ్చే మందని హెచ్చరిక కూడా ఉంది. అన్నిటికీ మాఫీ అంటే పేషెంటు కుటుంబానికి ఏం సమాధానం చెప్తాం?

తెల్లకోటు_కాదు:
మాఫీ అడగట్లేదు సార్. మందుల క్యాబినెట్‌ని ఓవర్‌రైడ్ చేయడం (కంప్యూటర్ తనిఖీని దాటేసి మందు తీసుకోవడం) అక్కడ రోజూ జరిగేదేనని ఆమె తరఫు వాదన. ఆ అలవాటు గురించి ముందే ఎవరైనా భయపడకుండా రాయగలిగి ఉంటే?

రన్‌వే_27:
నేను విమానాల వైపు మనిషిని. మా దగ్గర 1976 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. అమెరికాలో పైలట్లని శిక్షించే అధికారం విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏది, రిపోర్టులు తీసుకునేది మాత్రం నాసా. ఫారం పైన పేరు, ఫోన్ నంబరు రాసే పట్టీ ఉంటుంది. అనుమానం వస్తే విశ్లేషకులు ఫోన్ చేస్తారు. పని అయ్యాక ఆ పట్టీని విడదీసి రాసినవాళ్లకే తిరిగి పంపేస్తారు, వాళ్ల దగ్గర పేరు మిగలదు. కావాలని చేసింది కాకపోతే, 10 రోజుల్లోపు రిపోర్ట్ చేసిన పైలట్‌కి ఆ పట్టీయే రక్షణ. నేరాలకీ ప్రమాదాలకీ ఇది వర్తించదు. డెన్మార్క్ అయితే 2004లో ఆసుపత్రులకే చట్టం తెచ్చింది: రిపోర్ట్ చేయడం తప్పనిసరి, చేసినందుకు శిక్ష ఉండదు.
అంటే పేరు ఉందా లేదా అన్నది కాదు, ఆ పేరు ఎవరి చేతికి వెళ్తోందన్నది చూడండి.

క్వాలిటీ_డెస్క్:
బాగుంది, కానీ బయటి సంస్థ చదివేదాకా ఆ ట్రే అలాగే ఉంటుంది కదా. పొటాషియం ఈ రాత్రే తీయాలి. అందుకే రిపోర్టు ఆసుపత్రి లోపలికే రావాలంటున్నాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
లోపలికే రానివ్వండి సార్, కానీ నేరుగా మీ దగ్గరికి రావాలి. ఇప్పుడు మా ఫారం మీద ముందు సూపర్‌వైజర్ సంతకం కావాలి. నా డ్యూటీలు వేసేదీ, ఏడాది చివర నాకు మార్కులు వేసేదీ ఆవిడే. పక్క సిస్టర్ భయపడింది మీకు కాదు, ఆ సంతకానికి. రన్‌వే గారు చెప్పింది చదివాక నా మాట మార్చుకుంటున్నాను: పేరు గడి ఉంచండి, సంతకం గడి తీసేయండి. ఇంకొకటి, రాసినవాళ్లకి జవాబు ఇవ్వండి. నా ఫారానికి ఇంతవరకూ ఏ కబురూ లేదు, ఆ ఆంప్యూల్స్ ఇంకా వార్డు స్టాకులోనే ఉన్నాయి.