పవర్ స్టీరింగ్ ఆయిల్ ఇంట్లో మార్చుకోవచ్చా, షెడ్డుకే పోవాలా?

మధురవాడ_ఇన్నోవా:
మాది 2012 ఇన్నోవా, లక్షా నలభై వేలు తిరిగింది. పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసి, రివర్స్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే బానెట్ కింద సన్నగా మూలుగుతోంది. స్టీరింగ్ ఆయిల్ ట్యాంకు మూత తీసి తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి చూశాను. ఎర్రగా ఉండాల్సింది కాఫీ డికాక్షన్‌లా ఉంది. ఒక షెడ్డులో రెండున్నర వేలవుతుంది, బండి రోజంతా వదలమన్నారు. ఇంకో షెడ్డులో లీకు లేదుగా, కదపొద్దన్నారు. ఆదివారం నేనే మార్చేద్దామనుకుంటున్నాను. చేసినవాళ్లు చెప్పండి.

కంచరపాలెం_స్పానర్:
రెండో షెడ్డు వాడు చెప్పిందే నా మాట కూడా. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఇంట్లో మార్చి నా దగ్గరికి తెచ్చిన బళ్లలో ఆయిల్ వల్ల పాడైనవి తక్కువ, చేతుల వల్ల పాడైనవి ఎక్కువ. ఒకాయన బ్రేక్ ఆయిల్ పోసి తెచ్చాడు. రెండూ నూనెలే కదండీ అన్నాడు! దాంతో సీళ్లు ఉబ్బిపోయాయి, ర్యాక్ (చక్రాల్ని తిప్పే స్టీరింగ్ భాగం) మొత్తం దింపాల్సి వచ్చింది. ఆయన మిగుల్చుకుందామనుకున్న డబ్బుకి ఎన్ని రెట్లు పోయిందో లెక్క మీరే వేసుకోండి.

భీమిలి_బొలేరో:
గురువుగారూ, ఎవరో బ్రేక్ ఆయిల్ పోశాడని అందర్నీ ఆపేస్తే ఎలాగండీ? నేను మూడుసార్లు మార్చాను. పెద్ద సిరంజికి సన్న పైపు తగిలించి ట్యాంకులో ఉన్నదంతా లాగేయడం, కొత్తది గీత దాకా పోయడం, స్టార్ట్ చేసి స్టీరింగ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి నెమ్మదిగా తిప్పడం. రెండు రోజులు నడిపి మళ్లీ అదే. ఒక్క పైపు ఊడదీయక్కర్లేదు, గాలి చొరబడే వీలే లేదు.

గాజువాక_లెక్కలు:
సిరంజితో పూర్తిగా మారదు బాబూ. మొత్తం వ్యవస్థలో లీటరు ఉందనుకో, ట్యాంకులో మూడొందల మిల్లీలీటర్లు. ఒకసారి మారిస్తే డెబ్బై శాతం పాతదే. మూడుసార్లు మార్చినా ఇంకా 34 శాతం, ఆరుసార్లకి 12 శాతం మిగులుతుంది. కొన్న ఆయిల్లో సగం పాతదాంతో కలిసి మళ్లీ సిరంజిలోకే వస్తుంది. తిరుగు పైపు (ఆయిల్ ట్యాంకులోకి వెనక్కి వచ్చేది) ఊడదీసి సీసాలో పెట్టు, ట్యాంకు వైపు మూతి బిగించేసెయ్, ముందు చక్రాలు లేపి స్టీరింగ్ తిప్పు. పాతదంతా బయటికొస్తుంది.

కంచరపాలెం_స్పానర్:
లెక్క బాగుంది. ఇంజన్ ఆన్‌లో ఉండాలా, ఆఫ్‌లోనా? అసలు మాట అది వదిలేశావు తమ్ముడూ. ఆన్ చేస్తే పంపు ట్యాంకుని సెకన్లలో ఖాళీ చేస్తుంది. ఇక గాలి మింగుతూ తిరుగుతుంది. అందులో తిరిగే భాగాల్ని తడిపేదీ చల్లబరిచేదీ ఆ నూనే. ఒకడు పోస్తూ ఒకడు తిప్పుతూ, ఇంజన్ ఆపి చేస్తేనే మంచిది. పైగా మధురవాడలో సగం వీధులు వాలు. స్టాండ్లు లేకుండా ఒక్క జాకీ మీద బండి లేపి కింద చెయ్యి పెట్టొద్దు.

గాజువాక_లెక్కలు:
ఆఫ్‌లోనే. రాయడం మర్చిపోయాను, తప్పు నాదే.

సీతమ్మధార_కొత్తబండి:
నాది 2019 స్విఫ్ట్. ఆ ట్యాంకు ఎక్కడుంటుందండీ? అరగంట నుంచి వెతుకుతున్నాను.

భీమిలి_బొలేరో:
ఇంకో అరగంట వెతికినా దొరకదు. మీది కరెంటు మోటారుతో తిరిగే స్టీరింగ్, దానికి ఆయిలే ఉండదు. హాయిగా బానెట్ మూసేసుకోండి.

పెందుర్తి_పాతహోండా:
ఏ ఆయిల్ అన్నది ఎవరూ చెప్పలేదు. పాత ఇన్నోవాకి డెక్స్‌రాన్ 2 లేదా 3 రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే నూనె). నా హోండాకి అది పనికిరాదు, వాళ్ల పీఎస్‌ఎఫ్ (పవర్ స్టీరింగ్ ఫ్లూయిడ్) వేరే. మూత మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది, చూసి కొనండి. ఇంకోటి, స్టీరింగ్ చివరికి తిప్పి అక్కడే పట్టి ఉంచకండి. ఒత్తిడి పరాకాష్ఠకి పోయి ఆయిల్ కాగిపోతుంది. తాకించి వెంటనే వెనక్కి రావాలి. అన్నట్టు, తీసిన నల్ల నూనెని ఇంటి పక్క గెడ్డలో పారబోయకండి, మొదటి వానకే సముద్రంలో తేలుతుంది. సీసాలో పోసి పాత ఆయిల్ తీసుకునే షెడ్డుకి ఇచ్చేయండి.

మధురవాడ_ఇన్నోవా:
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. పైపు జోలికి పోలేదు, సిరంజితోనే నాలుగుసార్లు. లెక్కల అన్న ప్రకారం పాతది ఇంకా నాలుగో వంతు ఉందన్నమాట. అయినా రంగు బాగా తేరుకుంది, స్టీరింగ్ కూడా కాస్త తేలికైనట్టుంది (ఖర్చు పెట్టాక అలా అనిపించడం కూడా ఉంటుందిలెండి). మూలుగు మాత్రం పోలేదు.

కంచరపాలెం_స్పానర్:
పోదు. నేను మొదట్నించీ అనేది అదే. ట్యాంకు నుంచి పంపుకి వెళ్లే పైపు క్లిప్పులు చూడు. మన ఊరి ఉప్పు గాలికి అవి తుప్పు పట్టి వదులవుతాయి. అది పీల్చుకునే వైపు కాబట్టి నూనె బయటికి కారకుండానే గాలి లోపలికి పోతుంది. అందుకే నీకు లీకు కనబడలేదు.

మధురవాడ_ఇన్నోవా:
నిజమే గురువుగారూ. పంపు వైపు క్లిప్పు వేలితో తాకితే పొడిపొడిగా రాలింది. కొత్తది వేసి, ఇంజన్ ఆపి, చక్రాలు లేపి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పి గాలి తీశాను. మూడు రోజులైంది, నిన్న సింహాచలం కొండ కూడా ఎక్కించాను. చప్పుడు లేదు.

కంచరపాలెం_స్పానర్:
అంటే ఆయిల్ డబ్బులు దండగే కదా?

మధురవాడ_ఇన్నోవా:
కాదండీ. ఎర్రటి కొత్త నూనె వేశాకే ట్యాంకులో సన్నటి బుడగలు కనబడ్డాయి. మీరు క్లిప్పు అనగానే అవే గుర్తొచ్చాయి. ఆ డికాక్షన్‌లో నాకేం కనబడుతుంది?

భీమిలి_బొలేరో:
ఇంకో రెండు విడతలు సిరంజి వెయ్ అన్నా, మిగిలింది కూడా పోతుంది.

గాజువాక_లెక్కలు:
పోదు. 12 శాతం ఉంటుంది.